షాకిర్ దాచిన పేజీ

“పొద్దుట్నుంచీ ఇదే వరసేంటమ్మా! దాచిన పేజీ ఒక్కటైనా దొరికిందా, లేదా?” శ్రీనివాసరావు విసుక్కున్నాడు. తెనాలిలో వెబ్‌సైట్ల భద్రత పరీక్షించే చిన్న ఆఫీసు ఆయనది.

“లేదు సార్,” అంది షాహీనా.

నల్లటి తెర మీద టూల్ పరుగెడుతోంది. ఒక్కో మాటనీ రేపల్లె రొయ్యల కంపెనీ సైటు అడ్రసుకి తగిలించి, ఆ పేరుతో పేజీ ఉందా అని అడుగుతోంది. కంపెనీయే పిలిచి అప్పజెప్పిన పని. అడిగిన మాటకల్లా 404. లేదు.

“ఈ ఇంగ్లీషు మాటలతో పని కాదు సార్. సైటు కట్టింది షాకిర్. బాపట్లలో నా క్లాస్‌మేటు. ఫోల్డర్లకి తనకిష్టమైన పేర్లే పెడతాడు.”

“మరి అవే కొట్టు! మొహమాటం దేనికి?”

మొహమాటమే. ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోయినవాడి ఇష్టాలు ఇన్నేళ్లయినా గుర్తున్నందుకు సిగ్గేసింది. అయినా బాపట్ల బీచి పేరు కొట్టింది. సూర్యలంక.

200! ఉంది. కంపెనీ రహస్యాలన్నీ తాళం లేకుండా తెరుచుకున్నాయి.

“శభాష్! ఇక ఆపి రిపోర్టు రాసెయ్,” అంటూ శ్రీనివాసరావు టీకి లేచాడు.

షాహీనా ఆపలేదు. సముద్రం దొరికింది. ఆ ఒడ్డున అతని పక్కన కూర్చున్న మనిషి దొరకొద్దూ? సరుగుడు తోట, కొట్టింది. 404. నిజాంపట్నం బస్సు. ఇద్దరూ పంచుకున్న మిరపకాయ బజ్జీ. వాన. లేదు, లేదు, లేదు. ఎక్కడో ఓ మూల తననీ దాచుకుని ఉండడా? గుండె చిక్కబట్టుకుని తన పేరే కొట్టింది.

404.

కళ్లు తుడుచుకుంటుంటే ఆఫీసు ఫోను మోగింది.

“రేపల్లె కంపెనీ నుంచండి. షాహీనా గారంటే మీరేనా?” ఎవరిదో ఆడగొంతు. “మీరు కొట్టే ప్రతి మాటా ఇక్కడ సర్వర్‌లో పడుతోందండి. చూస్తున్నాను.”

రోజూ చేసే పనిలో ఈ సంగతే మరిచిపోయింది! షాహీనా కీబోర్డు మీంచి చెయ్యి తీసేసింది. “మీరెవరండి?”

“షాకిర్ గారి భార్యని. ఇప్పుడు సైటు నేనే చూసుకుంటున్నా.”

“తప్పయిపోయిందండి. ఇప్పుడే ఆపేస్తాను.”

“అయ్యో, ఆపొద్దక్కా!” అందావిడ. “ఆయన నాతో రెండు మాటలు కలిపి మాట్లాడరు. మిరపకాయ బజ్జీ ఇష్టమని నాకివాళే తెలిసింది. ఇంకా ఏమేం ఇష్టమో కొడుతూ ఉండక్కా.”