భరణం కుక్కర్

ఇంటర్ ఫలితాలొచ్చిన పది నిమిషాలకే, లాస్య అన్నం తింటుండగా కుక్కర్ గొంతు విప్పింది. "అమ్మాయి పాసైంది. తండ్రి ఇచ్చే ఆమె వంతు భరణం ముగిసింది. రేపటి నుంచి తల్లికి మాత్రమే వండుతాను."

విడాకులైన ఇళ్లకు కోర్టు బిగించే కుక్కర్ అది. తండ్రి పంపిన బియ్యం కొలిచి పోసుకుంటుంది.

వెంటనే నాన్న ఫోన్. రెండేళ్లుగా రోజూ తెల్లవారుజామున ఫోన్ చేసి, లేపి, చదివించింది ఆయనే. ఆ పిలుపు కోసం లాస్య ముందే మేలుకుని ఎదురుచూసేది.

"ఫస్ట్ అటెంప్ట్‌లోనే కొట్టావు తల్లీ."

"ఫెయిలయ్యుంటే ఏం చేసేవాడివి నాన్నా?"

"ఇంకో ఏడాది నీ వంతు బియ్యం పోయాల్సొచ్చేది. అందుకేగా అంత పొద్దున్నే నిన్ను లేపింది," అని హాయిగా నవ్వాడు.

లాస్య నోట్లో ముద్ద కంచంలోకి ఉమ్మేసింది.

పక్కనే ఉండి విన్న తల్లి కుక్కర్ ప్లగ్గు పీకేసి, అటక మీంచి పాత అన్నం గిన్నె దించింది.