తడి కనపడని ఎరుపు

కోడంబాకం స్టూడియోలో పడకగది సెట్టు. గోడ మీద పక్కపక్కనే రెండు ఎరుపు పట్టీలు. ఒకటి కాస్త ఇటికరాయి వైపు, రెండోది కాస్త మందారం వైపు. తేడా తెలియాలంటే కళ్ళు చికిలించాలి.

హీరోయిన్ ప్రభ తల్లి రాజరత్నం అరగంటగా చికిలిస్తూనే ఉంది.

"ఎందుకుమా ఈ పాట్లు?" అన్నాడు రంగులేసే దొరస్వామి. "ఇదేమన్నా రంగుల బొమ్మా? ఈడ ఏ ఎరుపు పూసినా తెర మీద బూడిదే గదా."

"ఆరనీ నాయనా, చూస్తాను."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. కూతురి కాఫీ చల్లారితేనే స్టూడియో పీకి పందిరేసే మనిషి. ఈమెతో పెట్టుకోవడం ఎందుకని రంగు సంగతి అందరూ ఆమెకే వదిలేశారు.

అసలు రంగు గురించి ఆలోచించే సమయం కాదది. జ్వరమని, దగ్గని ప్రభ నాలుగు రోజులు రాలేదు. నిర్మాత వీరభద్రరావు ఇంకో అమ్మాయిని మేకప్ గదిలో కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

"రేపొక్కరోజే. ఏడుపు సీను చేసిందా, సరే. లేదంటే మొదటి రీలు నుంచీ ఈ పిల్లతో తీసుకుంటాను."

మూడేళ్ళు గేట్ల దగ్గర పడిగాపులు కాస్తే దొరికిన మొదటి వేషం అది. పాపం, తల్లీకూతుళ్ళకు ఇంకో దిక్కు లేదు.

పట్టీలు ఆరాయి. రాజరత్నం మరచెంబులో వేలు ముంచి రెండింటి మీదా ఒత్తింది. ఇటికరంగు మీద మచ్చ పడింది. మందారం మీద తడి ఆనవాలే లేదు.

"ఇదే వెయ్యి."

"నీళ్ళు పెట్టి రంగు చూసేవాళ్ళను ఇప్పుడే చూస్తా ఉండా!"

"గోడకు మొహం ఆనించి ఏడవాలి కదా నాయనా. కన్నీళ్ళ మరకలు కనపడితే ఏం బాగుంటుంది?"

సాయంత్రానికల్లా దొరస్వామి గోడంతా మందారం పూసేశాడు.

మర్నాడు ప్రభ గోడకు మొహం ఆనించి, వీపు అదిరిపోయేలా ఏడ్చింది. లైట్లవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఒక్క టేకులో అయిపోయింది.

"ఇంత నటన ఎక్కడ దాచావమ్మా!" అని చప్పట్లు కొట్టాడు వీరభద్రరావు. మేకప్ గదిలో అమ్మాయిని ఇంటికి పంపేశారు.

రాజరత్నం పరుగున వెళ్ళి, కూతురి మొహం కొంగులో దాచుకుని కంపెనీ కారెక్కించింది.

సెట్టు విప్పడానికి దొరస్వామి గోడ మీద చెయ్యి వేశాడు. నిన్ననే ఆరిపోయిన ఆ గోడ మీద, సరిగ్గా ప్రభ నోరు ఆనినచోట, అతని వేళ్ళకు చిక్కటి నెత్తురు అంటింది.