గుహలో వెలుగు

జూలై తొమ్మిది. రేపు ఎవరూ మాట మార్చకుండా, జరిగింది జరిగినట్టు రాసి ఈ కార్డు ఫ్రిజ్ మీద అంటిస్తున్నాను.

మనవరాలు బొమ్మ వేసింది. నల్లటి గుహ, నిప్పులు కక్కుతున్న డ్రాగన్, దాని ముందు పుస్తకం పట్టుకుని ముడుచుకు కూర్చున్న చిన్న మనిషి.

అబ్బాయి దాన్ని నా ముందు పెట్టాడు. "నలుపంటే భయం, ఎరుపంటే కోపం. నీ దగ్గర చదువంటే పిల్ల హడలిపోతోందమ్మా. రేపటి నుంచి ట్యూషన్‌కి పంపిస్తాను."

"రంగులు చూశావు సరే, వెలుగు ఎటునుంచి వస్తోందో చూశావా?" అన్నాను. "ఆ గుహలో దీపం లేదు. మంట పడుతున్నది పుస్తకం మీద, మనిషి మీద కాదు. డ్రాగన్‌ని నేనే అనుకో. అయితే ఏం? ఆ మంట లేకపోతే అక్షరం కనబడేదా?"

అబ్బాయి బొమ్మని మళ్ళీ చేతిలోకి తీసుకుని చూశాడు. నాకు గర్వంగానే అనిపించింది.

మనవరాలు పకపకా నవ్వింది. "అబ్బ, నానమ్మా! డ్రాగన్ నేను, ఆ మంట నా గొంతు. ముడుచుకు కూర్చుంది నువ్వు. నీకు పుస్తకంలో సన్న అక్షరాలు కనబడటం లేదని రోజూ నేనే కదా గట్టిగా చదివి వినిపించేది? నాన్నకి చెప్పొద్దన్నావని బొమ్మేశాను."

కాబట్టి ఇకపై జరగవలసినవి:

1. సాయంత్రం చదువు ఆగదు. ట్యూషన్ మాట మళ్ళీ ఎత్తకూడదు.
2. కంటి డాక్టరు దగ్గరికి వెళ్తాను. నా వెంట మనవరాలే వస్తుంది.
3. ఆడపిల్లవి, గొంతు తగ్గించమని దాన్ని ఈ ఇంట్లో ఎవరూ అనకూడదు. నేను కూడా.