ఓడెక్కిన బస్టాండు

"పాపక్కా, ఆ సాయబు టీ ముట్టనే లేదు. కండ్లు మాత్రం నీ మీదే ఉండాయి!" రోజూ టీకొచ్చే గోపాలస్వామి కిసుక్కున నవ్వినాడు.

పుంగనూరు బస్టాండులో పాపక్కది టీ అంగడి. మొగుడు పోయినాక ఒంటిచేత్తో నెట్టుకొస్తా ఉండాది. ఒంటి ఆడమనిషి అంగడి మూతపడాలంటే ఒక్క పుకారు చాలు. ఆ భయం ఆమెకు ఎప్పుడూ ఉండాది.

ఈ ముసలాయన ఎవరో ఏమో. రోజూ వస్తాడు, మూల బెంచీ మీద కూర్చుంటాడు. ఒళ్లో తువ్వాలు, తువ్వాలు కింద చేతులు. టీ చల్లారిపోతా ఉంటుంది, చూపు మాత్రం ఆమె మీద నుంచి కదలదు.

పాపక్కకు ఒళ్లు మండిపోయింది. కొంగు బిగించి గరిటె ఎత్తింది.

"ఏమప్పా, టీ తాగేదానికి వస్తాండావా, నన్ను సూసేదానికి వస్తాండావా?"

"నిన్ను సూసేదానికేమ్మా!"

బెంచీలన్నీ గొల్లున నవ్వినాయి.

"లెయ్ ఈడనించి! మళ్లా ఈ పక్కకొస్తే కాళ్లిరగ్గొడతా!"

ముసలాయన ముఖం వెలిగిపోయింది. "సరేమ్మా, ఇంక రాను," అని లుంగీ మీది చెక్కపొట్టు దులుపుకొని, సంబరంగా కుప్పం బస్సెక్కినాడు.

"థూ, సిగ్గులేని మనిషి!" పాపక్క ఆ పొట్టంతా ఊడ్చి పారేసింది.

కొన్నాళ్లకు మదనపల్లెలో ఎగ్జిబిషన్ పెట్టినారు. కూతురు స్వర్ణ పోరు పడలేక పాపక్క పోయింది.

హాలు నడుమ చెక్క ఓడ. ఎడ్లబండంత ఉండాది! తెరచాపలు, తాళ్లు, లంగరు, కింద ఎగసిపడే అలలు కూడా చెక్కే.

"అమ్మా, సూడు! ఓడలో గోపాలస్వామి మామ!"

నిజమే. బీడీ కాలుస్తా చెక్కబొమ్మ గోపాలస్వామి. తాడు లాగుతా కండక్టర్ మునిచంద్ర. పాలక్యానుతో మునెమ్మ. రెండు జడల స్వర్ణ కూడా ఉండాది. బస్టాండు బస్టాండంతా ఓడెక్కేసింది.

మూల బెంచీ, తువ్వాలు కింద చేతులు, చెక్కపొట్టు... ఆ ముసలాయన చెక్కింది ఈ బొమ్మలనే!

పాపక్క ఆత్రంగా తన బొమ్మ కోసం వెతుక్కుంది. వంటపొయ్యి కాడ లేదు. ఆడోళ్ల గుంపులో లేదు.

"తరిమేస్తిని కదే! నన్ను యాల ఎక్కించుకుంటాడు?" కండ్లల్లో నీళ్లు తిరిగినాయి.

వాచ్‌మన్‌ను అడిగింది. "అప్పా, ఈ ఓడ చేసినాయన యాడుండాడు?"

"జబ్బార్ సాయబా? కుప్పంలో బండిచక్రాలు చేసేటాయన. ఎవురి కాడా నేర్చుకోలేదు. ఇంతవరకు సముద్రమే సూడలేదంటమ్మా! సూసొస్తానని నిన్ననే మద్రాసు రైలెక్కినాడు. తన కెప్టెన్ గాని వస్తే, ఈసారి టీ చల్లారకుండా తాగుతానని చెప్పమన్నాడు."

"కెప్టెనెవురు?"

వాచ్‌మన్ ఓడ పైకి చెయ్యి చూపించినాడు.

అందరికంటే ఎత్తున, చుక్కాని పక్కన, కొంగు బిగించి, తుఫాను మీదికే గరిటె ఎత్తి నిలబడి ఉండాది పాపక్క.