మొదటి గడి

తబిత ఏ ఇంటికి వెళ్ళినా ఆ ముసలామె అప్పటికే అక్కడి అరుగు మీద కూర్చుని ఉంటోంది.

ఇది నాలుగో రోజు.

తబిత రాజమండ్రిలో ఎం.ఏ. సోషియాలజీ చదువుతోంది. ఉప్పాడలో సముద్రపు కోత వల్ల కుటుంబాలు ఏం నష్టపోతున్నాయన్నది ఆమె ప్రాజెక్టు. వంద గడపలు తొక్కి వంద ఫారాలు నింపాలి. నెలాఖరుకి ఇవ్వకపోతే ఏడాది చదువూ గంగపాలే.

"నన్ను కూడా రాసుకోమ్మా," అంది ముసలామె. పేరు మరిడమ్మ.

"మీ ఇంటి నంబరు చెప్పండి."

"ఇల్లు సముద్రంలో పోయింది కదమ్మా. పడవల దగ్గర రేకుల పాకలో ఉంటున్నాను."

"నంబరు లేకపోతే రాయడం కుదరదండి. ఫారంలో మొదటి గడే అది."

"ఎక్కడో ఒకచోట నా పేరంటూ ఉండాలి కదమ్మా."

"రేపు చూద్దాంలెండి."

ఆ రేపు రాలేదు గానీ, మరిడమ్మ మాత్రం రోజూ వచ్చింది.

తబితకు చిరాకెత్తింది. జనం పీట వేసి కూర్చోబెడుతున్నారు, టీ ఇస్తున్నారు, కడుపులో మాటలన్నీ చెబుతున్నారు. అదంతా తన మాటతీరు గొప్పేనని లోలోపల మురిసిపోతోంది కూడా. మధ్యలో ఈవిడొకతి.

ఆఖరి రోజు ఉండబట్టలేక అనేసింది.

"ఎక్కడికెళ్తే అక్కడ తయారవుతున్నారేంటండీ? ఇక్కడ గవర్నమెంటు డబ్బులేం పంచడం లేదు."

మరిడమ్మ ముఖం చిన్నబోయింది.

"డబ్బుల కోసం కాదులేమ్మా," అని లేచి వెళ్ళిపోయింది.

మూడు వారాల తర్వాత గైడు జగన్నాథరావు గారు ఫారాలన్నీ తిరగేశారు.

"బాగా మాట్లాడించావమ్మా. కానీ వందమందికీ ఇంటి నంబరుంది. కోత మీద ప్రాజెక్టు చేస్తూ, ఇల్లు పోయిన మనిషిని ఒక్కరినీ అడగలేదేం?"

ఆయన ఫారాల కట్ట తబిత ముందుకు జరిపారు.

"వారం టైమిస్తున్నాను. వాళ్ళు లేకుండా నేను సంతకం పెట్టను."

సంతకం సంగతి సరే, అంతకంటే ఎక్కువగా ఆమెకు సిగ్గేసింది. అడక్కుండానే రోజూ ఎదురొచ్చిన మనిషిని తనే పొమ్మంది.

మర్నాడే ఉప్పాడ బస్సెక్కింది. బస్సులోనే ఒక ఖాళీ ఫారం తీసి పైన మరిడమ్మ పేరు రాసింది. మొదటి గడిలో 'సముద్రంలో పోయింది' అని రాసింది.

బుల్లియ్య ఇంటి ముందు కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. మొట్టమొదటి ఫారం అతనిదే.

అరుగు మీద ఎవరూ లేరు.

"మరిడమ్మగారు రాలేదా అండి?"

"పోయి పదకొండు రోజులైందమ్మా. జ్వరమొచ్చింది. రెండు రోజులే."

తబిత అరుగు మీద కూలబడింది. చేతిలో ఫారం అలాగే ఉంది.

"మీ అందరి చేతా ఎన్ని మాటలు చెప్పించుకున్నానో. ఆవిణ్ణి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు."

"మేమెక్కడ చెప్పేవాళ్ళమమ్మా. సర్వే అంటేనే మాకు ఒళ్ళు మంట. రాసుకెళ్ళినోళ్ళే గానీ తిరిగొచ్చినోడు ఒక్కడు లేడు. మీ ముందొచ్చిన ఇద్దర్ని వీధి చివర నుంచే పంపేశాం."

"మరి నాకెందుకు చెప్పారు?"

"మీకంటే ముందే ఆవిడొచ్చి కూర్చునేది కదా. 'చదువుకునే పిల్ల, మీరు చెప్పకపోతే పరీక్ష పోద్ది, చెప్పండ్రా' అని మమ్మల్ని బతిమాలేది. ఆవిడ మాట ఈ వీధుల్లో ఎవరూ కాదనరమ్మా."

"ఎందుకని?"

బుల్లియ్య వల పక్కన పెట్టాడు.

"కెరటాలు ఊరి మీద పడ్డ రోజు, గుమ్మం గుమ్మానికీ పరిగెత్తి మమ్మల్నందర్నీ బయటికి లాగింది. ఆఖరి ఇంటిదాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి, ఆవిడ ఇల్లు లేదమ్మా."