కనుమ దాటాలి

ఎస్‌యూవీ వెనక చక్రం పైనున్న రేకు వంపు నుంచి నేల దాకా టేపు పట్టి కొలిచింది లొరెట్టా. ముప్పై మూడు అంగుళాలు. ట్రైలర్ తగిలించాక మళ్లీ కొలిచింది. ఇరవై తొమ్మిదిన్నర.

"చూశావా, మూడున్నర అంగుళాలు కూలబడింది," అంది.

"నేను చెప్పలేదూ?" అన్నాడు డ్వైట్. కాఫీ కప్పుతో ట్రైలర్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. "ఈ ఎస్‌యూవీ దీన్ని లాగలేదు లోరీ. దానికీ నాకూ ఒకేసారి నడుం పడిపోయింది."

బండి రెండుసార్లు బయల్దేరింది. రెండుసార్లూ తిరిగొచ్చింది. మొదటిసారి నలభై మైళ్లు పోయేసరికి వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలిపోయి, స్టీరింగ్ మాట వినలేదు. రెండోసారి కనుమ ఎక్కే మొదటి మలుపులోనే ట్రైలర్ అటూ ఇటూ ఊగిపోయింది. వాకిట్లో ఇంజన్ ఆపి దిగినప్పుడు డ్వైట్ మొహంలో దిగులేం లేదు. ఆకలేస్తోంది, ఏం వండావ్ అని అడిగాడు.

అప్పట్నుంచీ ఆ ఇరవై నాలుగడుగుల ట్రైలర్ వంటగది కిటికీకి అడ్డంగా పాతుకుపోయింది. ఒకప్పుడు ఆ కిటికీలోంచి మోంటానా కొండలు కనిపించేవి. ఇప్పుడు తెల్లరేకు గోడ. డ్వైట్ అందులోనే పడుకుంటాడు. అలవాటు పడాలిగా అంటాడు. పొద్దున్నే ఆరింటికి తలుపు తడతాడు. కాఫీ కలుపుకుంటాడు. స్నానం చేస్తాడు. గుడ్లు మరీ మాడ్చేశావంటాడు. ఫోను మోగితే ఎవరంటాడు.

చెడ్డవాడు కాదు. ఒక్కసారైనా గొంతు పెంచినవాడు కాదు. అదే చిక్కు. చెడ్డవాడైతే ఏం చెయ్యాలో ఆమెకి తెలిసేది.

సెప్టెంబరు సగమైంది. మరో మూడు వారాల్లో కనుమ మీద మంచు పడుతుంది. పడిందంటే ఏప్రిల్ దాకా ట్రైలర్ లాక్కుంటూ ఎవరూ ఆ దారి తొక్కరు. అంటే వాకిట్లో ట్రైలర్‌కి మూడో చలికాలం.

లొరెట్టా తన చిన్న కారేసుకుని పక్క ఊళ్లో విడిభాగాలమ్మే గస్ కొట్టుకి వెళ్లింది.

"వెనక స్ప్రింగులు చచ్చిపోయాయి మేడమ్," అన్నాడు గస్, కొలతలు చూసి. "గట్టివి వెయ్యండి. స్ప్రింగు లోపల రబ్బరు గాలితిత్తి దూర్చండి. బరువు తగిలినప్పుడు గాలి కొడితే వెనక భాగం లేస్తుంది. షాక్ అబ్జార్బర్లు కూడా మార్చాలి. ముందు చక్రాలకి బరువు పంచే కొక్కెం ఒకటి. ఎక్కడిదాకా ప్రయాణం?"

"అరిజోనా. యూమా."

"హాయిగా పోవచ్చు."

"మధ్యలో వెనక్కి తిరగాల్సిన పని పడదుగా?" అడిగింది. రెండోసారి కూడా అడిగింది.

"పడదు మేడమ్, నా పూచీ. ఇంతకీ బిగించేదెవరు?"

"నేనే."

గస్ ఆమె నెరిసిన జుట్టు వంక చూశాడు. "మీ ఆయన పెట్టిపుట్టాడు. మా ఆవిడ టైర్లో గాలి కూడా చూడదు."

లొరెట్టా పెట్టెలు మోసుకెళ్లి కారులో పెట్టుకుంది.

అరవై రెండేళ్ల వయసులో బండి కింద వెల్లకిలా దూరింది. ముక్కుకి జానెడు పైన తుప్పుపట్టిన ఇనుము. షాక్ అబ్జార్బర్ కింది బోల్టు రెండు రోజులు నూనె తాగింది గానీ కదల్లేదు. పక్కకి తల తిప్పితే డ్వైట్ బూట్లు కనిపించాయి. అవీ కదల్లేదు.

"వదిలెయ్ లోరీ. వసంతంలో చూద్దాం."

"ఇప్పుడే."

"ఏమంత తొందర? ఇక్కడ బాగానే ఉందిగా."

"ఆ జాకీకి దూరంగా నిలబడు."

బూట్లు ఓ అడుగు వెనక్కి జరిగాయి. తర్వాత అతని గొంతు బాగా తగ్గింది.

"నాకు భయమేస్తోంది. అంత దూరం..."

"నాకు ఇక్కడ వేస్తోంది డ్వైట్," అంది ఆమె, ఇనుము వంకే చూస్తూ.

పానాకి గొట్టం తొడిగి, రెండు కాళ్లతో తన్నింది. బోల్టు కీచుమని తిరిగింది. వెల్లకిలా పడుకునే ఏడ్చింది. ఏడుస్తూనే పాత స్ప్రింగు లాగేసింది. గాలితిత్తిని పిండి, చదును చేసి, కొత్త స్ప్రింగులోకి తోసింది. రెండో పక్కది బిగించేసరికి వేళ్ల కణుపులన్నీ చీరుకుపోయాయి.

ట్రైలర్ తగిలించి, గాలి కొట్టి, టేపు పట్టింది. ముప్పై రెండు ముప్పావు.

మంగళవారం పొద్దున డ్వైట్ బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఒంగి చూశాడు. టైరుని కాలితో తన్నాడు. వంక దొరకలేదు.

"సరే అయితే," అన్నాడు.

బండి కదిలింది. రోడ్డెక్కే మెరకలో వెనక భాగం కుంగలేదు. మలుపులో ట్రైలర్ ఊగలేదు. లొరెట్టా వాకిట్లోనే నిలబడి, చప్పుడు వినిపించినంతసేపూ విన్నది.

ఒంటిగంటకి ఫోనొచ్చింది.

"దాటేశాను లోరీ. కనుమ అవతల ఉన్నాను. గీత గీసినట్టు వచ్చింది." గొంతు తడిగా ఉంది. "బాగా బిగించావ్."

"రోజూ పొద్దున్నే గాలి చూసుకో. జాగ్రత్తగా వెళ్లు," అంది.

ఫోను పెట్టేసి, విడాకులు మంజూరైన ముప్పై రోజుల్లోగా డ్వైట్ ఈ ఇల్లు వదిలి వెళ్లాలని రెండేళ్ల కిందట జడ్జి రాసిచ్చిన కాగితాన్ని ఫ్రిజ్ తలుపు మీంచి తీసేసింది.