టైడాలో ఆగిన బండి

"ఆ బండోళ్లకి కలరా అంట. పేపర్లో ఏసారు," అన్నాడు గేంగ్‌మన్ సోంబరు, కర్ర నేలకి తాటించి.

మిట్టమధ్యాహ్నం. టైడా స్టేషన్లో శరణార్థుల బండి ఆగి ఉంది. ఎదురొచ్చే ఇనుపరాయి గూడ్సు దాటితే గాని కదలదు.

అది డెబ్భై ఒకటో సంవత్సరం. తూర్పు బెంగాల్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లని దండకారణ్యం శిబిరాలకి చేరుస్తున్నారు.

"రేడియోలో మన అతిథులన్నారు కదేటి?" అంది టీకొట్టు అప్పలనర్సమ్మ.

"మన రేడియో అలాగంటది. ఆళ్ల దేశం రేడియో, అసలెవరూ ఇల్లొగ్గి ఎల్నేదంటదంట. స్టేషన్ మాస్టరుగారు సెప్పినారు."

"అయితే ఈళ్లెవర్రా, దెయ్యాలా?"

నవ్వబోయింది. కొట్టు వెనక గుడిసెలోంచి కూతురు కనక కేక వినిపించి, నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

తెల్లారగట్ల నుంచీ నొప్పులు. తొలిచూలు. మంత్రసాని కోసం కొండెక్కిన అల్లుడు ఇంకా దిగలేదు.

"ఇంట్లో పురిటి మనిసుంది పిన్నీ. ఈళ్లనెవరినీ గుమ్మం తొక్కనీకు," అన్నాడు సోంబరు.

ఏ రేడియో ఏమంటే ఆమెకేం? కలరా అన్న మాట ఒక్కటే చెవిలో నిలిచింది.

కనక మళ్లీ అరిచింది.

బండి కిటికీ దగ్గర మాసిన చీర కట్టుకున్న ఒకామె చటుక్కున లేచింది. కేక ఎటు నుంచి వచ్చిందో చూసింది.

అప్పుడే గూడ్సు స్టేషన్లోకి చొచ్చుకొచ్చింది. నేల అదిరింది. ఆ హోరులో ఆమె బండి దిగి, గుడిసె వైపు పరుగెత్తింది.

అప్పలనర్సమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

బండి దిగినామె ఏదో చెబుతోంది. పెదాలు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. గుడిసె వైపు చూపించింది. తన రెండు చేతులూ చాపి చూపించింది.

"ముష్టికిదా యేళ! పో!"

ఆమె పోలేదు.

అప్పలనర్సమ్మ మరుగుతున్న నీళ్లగిన్నె ఎత్తింది. "ఇంకో అడుగేత్తే మొకాన పోసేత్తాను!"

ఆమె ఇంకో అడుగు వేసింది.

సోంబరు వెనక నుంచి ఆమె జబ్బ పట్టుకుని ఈడ్చుకుపోయాడు. పెట్టెలోకి తోసేశాడు. గూడ్సు దాటిపోయింది. బండి కూత వేసింది.

పొద్దు వాలాక మంత్రసాని వచ్చింది. కనక దక్కింది. బిడ్డ దక్కలేదు.

"అడ్డం తిరిగాడు. తిప్పడం తెలిసిన చెయ్యి మజ్జానమే పడుంటే బతికీవోడు," అంది మంత్రసాని.

ఆ నెల చివర్లో ఒక సాయంత్రం స్టేషన్ మాస్టరు ట్రాన్సిస్టరు పట్టుకుని కొట్టుకి వచ్చాడు.

"అప్పలనర్సమ్మా! లండన్ రేడియోలో మన టైడా పేరు చెబుతున్నారు!"

"మన గురించేటి బాబూ?"

"మల్కనగిరి శిబిరంలో ఒకావిడని అడిగారు, దారిలో జనం ఎలా చూశారని."

"ఏటన్నాది?"

మాస్టరు గొంతు తగ్గింది.

"టైడాలో నన్ను గుమ్మం తొక్కనివ్వలేదు, భయపడ్డారు, వాళ్ల తప్పు కాదు అంది. అక్కడి పురిటి పిల్ల ఎలా ఉందో ఎవరైనా కనుక్కుని చెప్పండని అడుగుతోందమ్మా, ఢాకా పెద్దాసుపత్రిలో కాన్పులు చేసే డాక్టరమ్మ."